వియత్నాం యాత్ర: పాఠకుల సందేహాలు, మా సమాధానాలు

విదేశీ యాత్రల గురించి సందేహాలు పంపవలసిందిగా కోరినప్పుడు థాయిలాండ్, బాలి ప్రశ్నలే ఎక్కువగా వస్తాయని అనుకున్నాము. హనుమకొండ నుంచి మంచిర్యాల వరకు పాఠకులు అడిగినది మాత్రం ఎక్కువగా వియత్నాం గురించే. శంషాబాద్ నుంచి నేరుగా విమానాలు ఉండటం, వీసా ఇంట్లో కూర్చుని తీసుకోగలగడం ఇందుకు కారణాలు కావచ్చు. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే ఎంచుకున్నాము. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నాకూ పిల్లలకూ కలిసి వచ్చే పెద్ద సెలవులు దసరాకు, ఎండాకాలంలో మాత్రమే. ఈ దసరాకు ఏడు రోజుల్లో హనోయి, హా లాంగ్ బే, డా నాంగ్, హోయి ఆన్, హో చి మిన్ సిటీ, ఫు క్వాక్ దీవి అన్నీ చూపిస్తామని ఒక ట్రావెల్స్ వారు కాగితం ఇచ్చారు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ వెళ్లాలనుకుంటున్నాము. అత్తమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఈ కార్యక్రమానికి ఒప్పుకోవచ్చునా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: దసరాకు వియత్నాం తప్పకుండా వెళ్లవచ్చు, కానీ ఆ కాగితం ప్రకారం వద్దు. ఆ ఆరు చోట్లనూ కలపాలంటే దేశం లోపలే కనీసం మూడు విమానాలు మారాలి. మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, పెట్టెలు సర్దడం, విమానాశ్రయంలో ఎదురుచూడటం, కొత్త హోటల్లో గది ఇచ్చేదాకా వరండాలో కూర్చోవడం, ఇలా సగం రోజు గడిచిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఆ సగం రోజే పూర్తి రోజంత అలసట. ఇలాంటి కార్యక్రమాలు ఊళ్ల పేర్లు ఎక్కువగా కనబడితే గిరాకీ పెరుగుతుందని తయారు చేసేవే తప్ప, తిరిగేవారి సౌకర్యం చూసి వేసేవి కావు.

అంతకంటే పెద్ద చిక్కు వాతావరణంతో ఉంది. వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 1,650 కిలోమీటర్ల పొడవున సాగిన సన్నని దేశం. నడుము దగ్గర వెడల్పు దాదాపు 50 కిలోమీటర్లే. కాబట్టి ఆ దేశానికంతటికీ కలిపి మంచి కాలం అనేది ఒకటి లేదు. మనకు వానలు పడే నెలల్లోనే హనోయికీ హో చి మిన్ సిటీకీ వానలు పడతాయి. మధ్య తీరంలో ఉన్న హ్యూ, డా నాంగ్, హోయి ఆన్‌ల సంగతి వేరు. పడమటి దిక్కున ఉన్న ట్రూంగ్ సన్ కొండలు నైరుతి గాలుల తేమను ఆపివేయడం వల్ల అక్కడ ఆ నెలల్లో ఎండ కాస్తుంది. తరువాత గాలి దిశ మారి, ఈశాన్యం నుంచి సముద్రం మీదుగా వచ్చినప్పుడు, సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు దాకా కుండపోత వానలు కురుస్తాయి. మనకు వానలు వెనకబట్టాక నెల్లూరు, చెన్నై వైపు తుపానులు మొదలయ్యే తీరు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. 2025 అక్టోబరు చివరి వారంలో హ్యూ, హోయి ఆన్ పట్టణాల వీధులు వరద నీటిలో మునిగి, జనం పడవల్లో తిరగవలసి వచ్చింది. వాటిలో హోయి ఆన్ మీకిచ్చిన ఏడు రోజుల నడుమ భాగంలోనే ఉంది.

అందుచేత మా సలహా ఏమిటంటే, ఏ ఊళ్లు చూడాలో ముందుగా నిర్ణయించుకుని సెలవు వెతుక్కోవడం కాక, దొరికిన సెలవును బట్టి దేశంలో ఒక భాగాన్ని ఎంచుకోండి. దసరాకు ఉత్తరం, ఎండాకాలపు సెలవుల్లో మధ్య తీరం, సంక్రాంతికి దక్షిణం సరిపోతాయి. అక్టోబరులో హనోయిలో ఉక్కపోత తగ్గి, ఆకాశం తేటగా ఉంటుంది. ఏడాదిలో అక్కడ తిరగడానికి అంతకంటే హాయి అయిన నెల మరొకటి లేదని మా అభిప్రాయం. ఏప్రిల్, మే నెలల్లో డా నాంగ్ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. వేడి ఉన్నా వరంగల్ మే నెల ఎండలు చూసినవారికి అది పెద్ద విషయం కాదు, చెమట మాత్రం ఎక్కువ. సంక్రాంతి నాలుగు రోజులకు ఫు క్వాక్ దీవి, హో చి మిన్ సిటీ, మెకాంగ్ నది కాలువలు పొడి వాతావరణంలో ఉంటాయి. అదే సమయంలో హనోయిలో చలి, పొగమంచుతో కూడిన సన్నని తుంపర, స్వెట్టరు తప్పనిసరి. జనవరి చివర, ఫిబ్రవరిలో ప్రయాణమైతే చాంద్రమానం ప్రకారం వచ్చే వారి కొత్త సంవత్సరం, టెట్ పండుగ, ఏ తేదీన పడుతుందో చూసుకోవాలి. 2027లో అది ఫిబ్రవరి 6న వస్తుంది. ఆ వారంలో చాలా దుకాణాలు, చిన్న హోటళ్లు మూసి ఉంటాయి. రైళ్లు, బస్సులు ఊళ్లకు వెళ్లేవారితో నిండిపోతాయి.

మీ కుటుంబానికి దసరా ప్రయాణం ఈ విధంగా వేసుకోవచ్చు. మొదటి మూడు రాత్రులు హనోయిలోనే, పాత బస్తీకి నడిచి వెళ్లగల దూరంలో లిఫ్టు ఉన్న హోటల్లో ఉండండి. పాత బస్తీలోని సన్నని భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు, గది నాలుగో అంతస్తులో ఇస్తారు, కాబట్టి బుకింగ్‌కు ముందే అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. 1070లో కట్టిన సాహిత్య మందిరం ఉపాధ్యాయులు తప్పక చూడవలసినది. పెద్ద పరీక్షల్లో ఉత్తీర్ణులైన పండితుల పేర్లు చెక్కిన 82 రాతి ఫలకాలు అక్కడ తాబేళ్ల శిల్పాల వీపుల మీద నిలిచి ఉన్నాయి. పరీక్షలు దగ్గరపడినప్పుడు ఈనాటికీ పిల్లలు అక్కడికి వచ్చి మొక్కుకుంటారు. హో చి మిన్ సమాధి మందిరం సోమ, శుక్రవారాల్లో మూసి ఉంటుంది, మిగతా రోజుల్లోనూ ఉదయం పూటే అనుమతిస్తారు.

తరువాత ఒక రాత్రి హా లాంగ్ బేలో పడవ మీద, రెండు రాత్రులు నిన్ బిన్‌లో గడపండి. హా లాంగ్‌లో సముద్రంలోంచి నిలువుగా లేచిన సున్నపురాతి దీవులు 1,900కు పైగా ఉన్నాయి. 1994లో యునెస్కో జాబితాలో చేరిన చోటు ఇది. అక్కడి గుహలకు మెట్లు చాలా ఉంటాయి కాబట్టి అత్తమ్మ గారు పడవ పైభాగంలో కూర్చుని చూడటమే మేలు, చూడవలసినదంతా అక్కడినుంచి కనబడుతుంది. నిన్ బిన్ హనోయికి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది; అక్కడి ట్రాంగ్ ఆన్‌లో కొండల కింది సొరంగాల గుండా చిన్న పడవలో తీసుకుపోతారు. మెట్లెక్కే పని లేకుండా, మోకాళ్లకు శ్రమ లేకుండా ఇంత అందం చూపించే చోటు ఆ దేశంలో ఇంకొకటి ఉన్నదని మేము అనుకోము.

పడవల విషయంలో ఒక హెచ్చరిక. 2025 జులైలో హా లాంగ్‌లో ఉన్నట్టుండి వచ్చిన గాలివానకు ఒక పర్యాటక పడవ బోల్తాపడి ముప్పై మందికి పైగా చనిపోయారు. తుపాను సూచన ఉంటే ఓడరేవు అధికారులే పడవలను ఆపివేస్తారు. అప్పుడు డబ్బు తిరిగి ఇస్తారా, మరో రోజుకు మారుస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. లైఫ్ జాకెట్‌ను పిల్లల చేత సరదా ఫోటోకు కాక ప్రయాణమంతా వేయించండి.

ఇక బతుకమ్మ సంగతి. సద్దుల నాడు ఊళ్లో లేకుండా పోవడం మీకూ అత్తమ్మ గారికీ ఇష్టం ఉండదని ఊహిస్తున్నాము. ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన మరునాడు బయలుదేరితే, సద్దుల బతుకమ్మకు ముందే హనుమకొండ చేరుకోవచ్చు. అలిగిన బతుకమ్మ కూడా మీ ప్రయాణంలోనే గడిచిపోతుంది. పైగా ఆ రోజుల్లో టికెట్ల ధరలు దసరా మరునాటి ధరలకంటే తక్కువ ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: నేను విశ్రాంత చరిత్ర అధ్యాపకుడిని. వియత్నాంలో ప్రాచీన శివాలయాలు ఉన్నాయని, వాటిని మన పురావస్తు శాఖ వారే బాగుచేశారని విన్నాను. రామప్ప ఆలయాన్ని చిన్ననాటి నుంచి చూస్తున్న వాడికి అక్కడ చూడదగినది ఉంటుందా? (ఒక పాఠకుడు, ములుగు)

సమాధానం: రామప్పను బాగా ఎరిగినవారే అక్కడ ఎక్కువ చూడగలరు. మీరు విన్నది 'మీ సన్' అనే చోటు గురించి. హోయి ఆన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, చుట్టూ కొండలున్న లోయలో, ఒకప్పుడు మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజులు నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా కట్టించిన ఇటుక ఆలయాల సముదాయం అది. భద్రవర్మ అనే రాజు భద్రేశ్వరుడి పేరిట తొలి ఆలయాన్ని కట్టించాడు. సంస్కృత శాసనాలు, లింగాలు, పానవట్టాలు, ద్వారాల మీద నాట్యం చేసే శివుడు, ఇవన్నీ మీకు పరిచయమైనవే. 1213 ప్రాంతంలో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప ఆలయం కట్టించేనాటికి మీ సన్‌లో నిర్మాణాల చివరి దశ నడుస్తున్నది.

రామప్పలో గోడలు, స్తంభాలు రాతివి, శిఖరం మాత్రం నీటిలో తేలే తేలికపాటి ఇటుకలది. మీ సన్‌లో గోడలు సైతం ఇటుకలవే, రాయి ద్వారబంధాలకు, పీఠాలకు పరిమితం. మీరు దగ్గరికి వెళ్లి చూడవలసినది ఆ ఇటుకల అతుకులను. రెండు ఇటుకల నడుమ సున్నం పొర కనిపించదు, గోరు దూరే సందు కూడా ఉండదు. చెట్ల నుంచి తీసిన జిగురు వాడి ఉంటారని కొందరు నిపుణుల అభిప్రాయం. గోడ మొత్తం లేపిన తరువాతే దానిమీద శిల్పం చెక్కారు కనుక ఒక పువ్వు రేకు ఒక ఇటుక మీద మొదలై పక్క ఇటుక మీద ముగుస్తుంది. వెయ్యేళ్ల నాటి ఇటుక ఎర్రగా, నాచు పట్టకుండా ఉంటే, పక్కన ఆధునిక కాలంలో అతికించిన ఇటుక మీద పచ్చగా నాచు, తెల్లగా ఉప్పు పొర కనబడతాయి. మార్గదర్శి చెప్పకపోయినా ఆ తేడా మీ కంటికే తెలుస్తుంది.

1969లో అమెరికా విమానాలు వేసిన బాంబులకు అక్కడి అత్యున్నత ఆలయం నేలమట్టమయింది. బాంబులు పడిన గుంతలు గడ్డి కప్పుకుని ఇప్పటికీ ఆలయాల మధ్య ఉన్నాయి. అక్కడి ఆలయ సముదాయాలను అక్షరాలతో గుర్తిస్తారు. వాటిలో ఏ, హెచ్, కె సముదాయాలను భారత పురావస్తు సర్వేక్షణ శాఖ బాగుచేసింది. ఆ పనిలోనే 2020లో ఇసుకరాతి ఏకశిలా శివలింగం బయటపడింది. నిలిచి ఉన్న ఆలయాలు చూడాలంటే బి, సి, డి సముదాయాలకు ఎక్కువ సమయం కేటాయించండి.

వెళ్లే ముందు రోజు డా నాంగ్‌లోని చామ్ (చంపా రాజ్యపు ప్రజల) శిల్పకళా ప్రదర్శనశాల చూడటం మంచిది, ఎందుకంటే మీ సన్ నుంచి తీసిన మేలైన శిల్పాలు అక్కడే ఉన్నాయి. ట్రా కియూ నుంచి తెచ్చిన పీఠం మీది నర్తకిని చూసిన తరువాత రామప్ప మదనికలతో పోల్చి మీ అభిప్రాయం మాకు రాయగలరు. చంపా శిల్పి ఒంపులో మెత్తదనం చూపాడు, కాకతీయ శిల్పి నగల్లో, నడుము విరుపులో నైపుణ్యం చూపాడు అని మాకు తోచింది, చరిత్ర చదివిన మీరు కాదనవచ్చు. మీ సన్‌లో ఇప్పుడు పూజలు జరగవు. కొబ్బరికాయ కొట్టడం, కుంకుమ పెట్టడం వంటివి అక్కడ చేయకూడదు. చామ్ ప్రజలు ఈనాటికీ పూజలు చేసే ఆలయం చూడాలంటే న్యా ట్రాంగ్‌లోని పో నగర్ ఉంది.

ఫిబ్రవరి చివరి నుంచి ఆగస్టు వరకు ఎప్పుడైనా వెళ్లవచ్చు. తెల్లవారుజామున బయలుదేరి, బస్సులు రాకముందే లోయ చేరుకోండి. తొమ్మిది దాటితే ఎండా, జనమూ రెండూ పెరుగుతాయి.

ప్రశ్న: కొత్తగా పెళ్లయినవాళ్లం. నా విమాన టికెట్ మీద ఇంటిపేరుకు బదులు పొడి అక్షరమే పడింది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. నా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. వీసాకు ఇబ్బంది అవుతుందా? అక్కడ బైకు అద్దెకు తీసుకోవచ్చునా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

సమాధానం: మీ భార్య విషయంలో ఏ ఇబ్బందీ లేదు. పాస్‌పోర్టు, వీసా, టికెట్ మూడింటిలో ఒకే పేరు ఉంటే చాలు. అది పుట్టింటిదా, అత్తవారింటిదా అని ఎవరూ అడగరు. ప్రయాణానికి ముందు ఆమె పాస్‌పోర్టులో పేరు మార్పించే ప్రయత్నం మాత్రం చేయకండి. కొత్త పాస్‌పోర్టుకు నంబరు మారుతుంది, పాత నంబరు మీద తీసుకున్న వీసా పనికిరాకుండా పోతుంది. అసలు సమస్య మీ టికెట్‌ది. విమాన సంస్థకు ఇప్పుడే రాసి, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా సరిచేయించుకోండి. బయలుదేరే రాత్రి కౌంటరు దగ్గర ఈ వాదన పెట్టుకోకూడదు.

వీసాను వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి. దాని చిరునామా గవ్ డాట్ వీఎన్ అని ముగుస్తుంది. అదే పోలికలతో ఉండి రెండు మూడింతలు వసూలు చేసే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు. గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. దరఖాస్తు తిరస్కరించినా రుసుము తిరిగి రాదు. మూడు పని దినాలని రాసి ఉన్నా ప్రయాణానికి మూడు వారాల ముందే దరఖాస్తు చేయండి. ఏ విమానాశ్రయంలో దిగుతారో అందులో రాయాలి. వీసా వచ్చాక పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని రెండు ప్రతులు కాగితం మీద తీసుకోండి. మధ్యలో కంబోడియాలోని అంగ్‌కోర్ ఆలయాలు చూసి మళ్లీ వియత్నాం రావాలనుకుంటే పలుమార్లు ప్రవేశించే వీసాయే తీసుకోవాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి. లేనట్లయితే ముందుగా పునరుద్ధరణ, ఆ తరువాతే వీసా.

బైకు వద్దు. మన ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం గుర్తించేది 1968 నాటి ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్లను. అద్దెకిచ్చేవాడు లైసెన్సు అడగడు కాబట్టి బైకు సులువుగానే దొరుకుతుంది. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క, ప్రయాణ బీమా వారు ఆస్పత్రి ఖర్చు ఇవ్వరు. గ్రాబ్ యాప్‌లో కారు గానీ, వెనక కూర్చునే బైకు గానీ పిలిపించుకోండి, ధర ముందే కనబడుతుంది.

ప్రశ్న: మేము శాకాహారులం. చేపల పులుసు వాసన లేని తిండి అక్కడ దొరకదని మా బంధువులు భయపెడుతున్నారు. తొక్కులు, పొడులు తీసుకుపోవచ్చునా? (ఒక పాఠకురాలు, మంచిర్యాల)

సమాధానం: మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది. చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే న్యూక్ మామ్ అనే ద్రవం అక్కడ దాదాపు ప్రతి వంటలోనూ పడుతుంది. ఫో అనే నూడుల్స్ పులుసు గొడ్డు ఎముకలను గంటల తరబడి మరిగించి చేసేది. మామూలు హోటల్లో మాంసం వద్దు అని చెబితే ముక్కలు తీసేసి అదే పులుసు పోసి ఇస్తారు, వారి దృష్టిలో అది మోసం కాదు. అందుకే "మాంసం వద్దు" అనకుండా "చాయ్" అని చెప్పాలి. అక్కడ అది బౌద్ధుల శాకాహారానికి పేరు. బోర్డు మీద ఆ మాట ఉన్న భోజనశాలలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. చాంద్రమానం ప్రకారం పాడ్యమి, పున్నమి రోజుల్లో మామూలు జనం కూడా అక్కడే తింటారు కాబట్టి ఆ రోజుల్లో రకాలు ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. టోఫు, పుట్టగొడుగులు, అరటిపువ్వు, బీరకాయ, పనసకాయ కూరలు మన నాలుకకు కొత్తగా అనిపించవు, కారమే తక్కువ. హనోయి, డా నాంగ్, హో చి మిన్ సిటీలలో భారతీయ భోజనశాలలు చాలానే ఉన్నాయి, కానీ మూడు పూటలా అక్కడే తింటే ఖర్చు బాగా పెరుగుతుంది.

తొక్కులు, పొడులు తీసుకుపోవచ్చు, కాకపోతే తొక్కును చేతిసంచిలో పెట్టకూడదు. నూనె తేలే మామిడికాయ తొక్కు భద్రతా తనిఖీలో ద్రవపదార్థం కిందికే వస్తుంది, డబ్బా అక్కడే వదిలేయవలసి వస్తుంది. చిన్న డబ్బాల్లో వేసి, మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, పెద్ద పెట్టెలో బట్టల నడుమ ఉంచండి. సకినాలు, చెగోడీలు చేతిసంచిలో ఉన్నా అభ్యంతరం ఉండదు, పల్లీల పొడి, కరివేపాకు పొడి మాత్రం పెద్ద పెట్టెలో పెట్టడమే మేలు. హోటల్ గదిలో నీళ్లు కాచే కెటిల్ ఉంటుంది, అందులో అటుకులు, ఉప్మా రవ్వ పొట్లాలు చేసుకోవచ్చు. కుక్కరు మాత్రం తీసుకుపోకండి, గదిలో వంట చేస్తే జరిమానా వేసే హోటళ్లు ఉన్నాయి.

ప్రశ్న: లక్షల్లో లెక్కలు ఉండే ఆ డబ్బు గురించి చెప్పండి. రూపాయలు తీసుకుపోతే చాలా? (ఒక వ్యాపారి, సిరిసిల్ల)

సమాధానం: రూపాయలు అక్కడ సరిగ్గా మారవు. మరకలు, మడతలు లేని వంద డాలర్ల నోట్లు కొన్ని, విదేశీ డబ్బు ముందే వేసుకునే ఫారెక్స్ కార్డు ఒకటి తీసుకుపోండి. స్థూలంగా రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వస్తాయి. ధరలోంచి చివరి మూడు సున్నాలు తీసేసి, మిగిలినదాన్ని మూడున్నరతో హెచ్చిస్తే రూపాయల్లో ఇంచుమించు లెక్క తేలుతుంది. అంగళ్లలో ఆ మూడు సున్నాలు వాళ్లే తీసేసి రాస్తారు. నోట్ల మీద అన్నింటా హో చి మిన్ బొమ్మే ఉంటుంది. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగువే కావడంతో చీకట్లో టాక్సీకి ఒకటి ఇవ్వబోయి ఒకటి ఇచ్చేవారు చాలామంది. ఐదు లక్షల నోట్లను పర్సులో వేరే అరలో పెట్టుకోండి.

ప్రశ్న: మా ఊరి ఏజెంటు నలుగురికి ప్యాకేజీ మాట్లాడి, మొత్తం డబ్బు నగదుగా ముందే ఇస్తే తగ్గిస్తానంటున్నాడు. రసీదు తరువాత ఇస్తాడట. నమ్మవచ్చునా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

సమాధానం: వద్దు. విదేశీ ప్యాకేజీ మీద చట్టప్రకారం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేసి మీ పాన్ నంబరు మీద జమ చేయాలి, ఆ మొత్తాన్ని మీరు ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. నగదుగా ఇస్తే తగ్గిస్తాననడంలో ఉన్న అర్థం ఆ పన్నును తప్పించుకోవడమే కావచ్చు. బ్యాంకు ద్వారా, విడతలుగా చెల్లించండి. టికెట్ పీఎన్ఆర్ చేతికి రాగానే విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. హోటల్‌కు ఒక ఈమెయిల్ పంపి మీ పేరిట గది ఉందో లేదో అడగండి. తక్కువ ధర విమానాల్లో 7 కిలోల చేతిసంచి మాత్రమే ఉచితం, పెద్ద పెట్టె ధర ప్యాకేజీలో కలిసిందో లేదో రాయించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి స్నేహితుడి ద్వారా ఒకరు పరిచయమై, ఖర్చంతా తామే పెట్టుకుని వియత్నాం తిప్పి, అక్కడినుంచి కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. యాత్ర ఉచితమే కదా, వెళ్లి చూసి వస్తానంటున్నాడు. (ఒక తండ్రి, జగిత్యాల)

సమాధానం: పంపవద్దు. మన జిల్లాల యువకులు ఇలాగే పర్యాటక వీసా మీద వెళ్లి, కంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల కేంద్రాలలో పాస్‌పోర్టు లాక్కోబడి చిక్కుకుపోయిన ఉదంతాలు పత్రికల్లో పలుమార్లు వచ్చాయి. పర్యాటక వీసా మీద ఉద్యోగం చేయడం ఆ దేశాల్లో నేరం. విదేశీ ఉద్యోగమంటూ ఎవరు వచ్చినా కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో చూడండి. లేకపోతే ఆ సంగతి మీ ఠాణాలో చెప్పండి.

ప్రశ్న: సింగరేణిలో పనిచేసి రిటైరయిన మా బాపుకు గుండెకు స్టెంట్ వేశారు. హో చి మిన్ సిటీకి తీసుకుపోవాలని ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, భూపాలపల్లి)

సమాధానం: వైద్యుడు సరేనంటే తీసుకుపోవచ్చు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు స్టెంట్ సంగతి దాచకుండా రాయండి, దాస్తే క్లెయిము నిలవదు. పాత జబ్బుకు వర్తించే పాలసీయేనా అని చదివి చూసుకోండి. మందులన్నీ చేతిసంచిలో, వాటి రసాయన నామాలు రాసిన చీటీతో పాటు ఉండాలి. రోజులకు సరిపోయేదానికంటే కొంత అదనంగా తీసుకుపోండి. శంషాబాద్‌లో చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే అడగవచ్చు. భూపాలపల్లి నుంచి రాత్రి విమానానికి వెళ్తున్నప్పుడు నగరంలోకి పోకుండా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కండి. లేదా ముందు రోజే హైదరాబాద్ చేరి విశ్రాంతి తీసుకోండి. స్టెంట్ ఉన్నవారికి రెండోదే మంచిది.

అక్కడ కూ చి సొరంగాలు చూడాలని ఆయన తప్పక అడుగుతారు. భూగర్భ గనుల్లో పనిచేసిన వ్యక్తికి, యుద్ధకాలంలో జనం నేలకింద 200 కిలోమీటర్లకు పైగా తవ్విన దారులు చూడాలనిపించడం సహజం. పైన ఉన్న ప్రదర్శనలు, బయటికి కనబడని ద్వారాలు, నేలకింది వంటశాల పొగను దూరంగా వదిలే ఏర్పాటు చూపించండి. సొరంగం లోపలికి మాత్రం పంపకండి. వంగి, కొన్నిచోట్ల పాకుతూ పోవాలి, గాలి ఆడదు, ముందు వెనకల జనం ఉంటే వెంటనే బయటికి రావడం కుదరదు. నగరంలోని యుద్ధ అవశేషాల ప్రదర్శనశాలలో ఉన్న ఫోటోలు మనసును కలచివేసేవి; పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి రావడం, మధ్యలో ఎక్కడైనా కూర్చోవడం మంచిది. కుళాయి నీళ్లు తాగించకండి, దోమల మందు పూయండి, అక్కడ డెంగీ ఉంది. అంబులెన్సుకు 115, పోలీసులకు 113 నంబర్లు. భారత కాన్సులేట్ జనరల్ కార్యాలయం హో చి మిన్ సిటీలోనే ఉంది, దాని అత్యవసర నంబరును బయలుదేరే ముందు అధికారిక వెబ్‌సైట్ నుంచి తీసుకుని బాపు ఫోనులోనూ, ఆయన జేబులోని చీటీ మీదా రాసి ఉంచండి.